వీడియోలను జూచి మల్లవిద్య నేర్వవచ్చునా?

సంగారెడ్డి, పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతముల బాలురలో కొందఱు ఇటీవల బ్రెజిలియన్ జియు-జిట్సు అను మల్లవిద్యయందు మక్కువ గొనియున్నారు. చేరువలో గురువు లేనందున ఫోనులోని వీడియోలనే గురువుగా నెంచి అభ్యసించుచున్నారు. ఇది మేలా, కీడా యని తలిదండ్రులు మమ్ము ప్రశ్నించుచున్నారు. కావున మా యభిప్రాయము నిచ్చట విన్నవించుచున్నాము.

ఈ విద్యకు మూలము జపాను. 1882లో జిగొరో కానో టోక్యోలో జూడో విద్యాలయమును స్థాపించెను. అచ్చట శిక్షణ పొందిన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిలు చేరెను. పిమ్మట గ్రేసీ కుటుంబమువారు దీనిని నేలమీది పోరుగా పెంపొందించిరి. మన కుస్తీలో వెల్లకిల పడుట ఓటమి. ఇందులో నదియే కోట. క్రింద నున్నవాడు ప్రత్యర్థి నడుమును కాళ్లతో చుట్టి పాదములను పెనవేసినచో అది క్లోజ్డ్ గార్డు. పాదములను విడదీసి, ఒకటి తుంటిపై నుంచి, మఱొకటి మోకాలి వెనుక కొక్కెమువలె తగిలించి, చేతులతో అంగీ చేతులను, మెడపట్టీని పట్టినచో అది ఓపెన్ గార్డు.

వీడియోలవలన మేలు లేదని మేము చెప్పము. గురువు ఒక పట్టును రెండుమూడు మాఱులు చూపును. వీడియోను నూఱు మాఱులు నిలిపి చూడవచ్చును. కెన్యా దేశీయుడగు జూలియస్ యెగో వీడియోలు చూచి ఈటె విసరుట నేర్చి, 2015లో బీజింగునందు 92.72 మీటర్లు విసరి ప్రపంచవిజేత యయ్యెను. అయినను ఆయనయు నడుమ ఫిన్లాండునకు పోయి శిక్షకునియొద్ద నభ్యసించెను.

ఇచ్చట నొక భేదము గమనింపవలయును. ఈటెకు ఎదురు పట్టువాడు లేడు. ఏకలవ్యుడు మట్టిబొమ్మ యెదుట విలువిద్య నేర్చెను. మట్టిబొమ్మ యెదుట కుస్తీ నేర్చినవానిని మేమెఱుగము. ఓపెన్ గార్డునందు కాళ్ల బంధము లేదు. ప్రత్యర్థి బరువు ఎటు ఒరగుచున్నదో పాదమే యెఱుగవలెను. వాడు త్రోసిన లాగవలెను, లాగిన త్రోయవలెను, ఒక పట్టు జాఱిన క్షణముననే మఱొకటి అందుకొనవలెను. లేనిచో వాడు కాళ్లను దాటి ప్రక్కకు వచ్చును. వీడియో పట్టును చూపును గాని విడుపును తెలుపలేదు. బరువు కంటికి గనబడునది కాదు. అదియుగాక, వీడియోలోని జతగాడు చెప్పినట్లు పడును; గోదాలోని జతగాడు పడడు.

అంతకంటె ముఖ్యమైనది అపాయము. మెడకిరువైపుల రక్తనాళములను నొక్కినచో పదిక్షణముల లోపుననే స్పృహ తప్పవచ్చును. మడమను మెలిత్రిప్పినచో నొప్పి తెలియకమునుపే మోకాలి బంధనములు తెగవచ్చును. అందువలననే పోటీ నియమములలో బాలురకది నిషిద్ధము. సిమెంటు మేడపై పెద్దలు లేనివేళ ఇట్టివాటిని ప్రయత్నించుట సాహసము కాదు, అవివేకము.

అయినను నిషేధింపుడని మేము చెప్పము. నిషేధించిన విద్య చాటునకు పోవును. చాటున గలిగిన దెబ్బను బాలుడు దాచును. మా సూచన లివి. మెత్తని చాపలపై, సమాన బరువుగల జతగానితో, పెద్దవారి యెదుటనే అభ్యసింపవలెను. మొదటి పాఠము పట్టు కాదు. జతగానిని చేతితో తట్టి ఓటమి నొప్పుకొనుట, తట్టినంతనే విడుచుట. నెలకొక గార్డునే యెన్నుకొని, వీడియోను చూచి, ఫోను మూసి, జతగాడు మొదట కొంచెముగా, పిదప మిక్కిలిగా నెదిరింపగా సాధన చేయవలెను. మెడపట్లు, మడమపట్లు గురువు లేనిదే ముట్టరాదు. జియు-జిట్సు గురువు దొరకనిచో జూడో శిక్షకునైనను, కుస్తీ వస్తాదునైనను ఆశ్రయింపవలెను. నేలపోరున వారికి తెలిసినది తక్కువ కాదు.

తలిదండ్రులారా, మీలో ననేకులు కర్మాగారములలో పనిచేయువారు. క్రొత్తగా చేరినవానికి బొమ్మ చూపి యంత్రము నప్పగింతురా? కొన్నాళ్లు పాతవాని ప్రక్కన నిలువబెట్టుదురు గదా! మీ బిడ్డ మెడయు మోకాలును యంత్రముకంటె చులకనైనవి కావు. షిఫ్టు ముగిసి యింటికి వచ్చినప్పుడు ఆ వీడియోను బిడ్డతో కూర్చుండి ఒకమాఱు చూడుడు. ఎవరితో, ఎచ్చట నభ్యసించుచున్నాడో యడుగుడు. విద్యార్థులారా, కంటితో నేర్చినది సగమే. మిగిలిన సగము జతగాని చేతిలో నున్నది. వానిని క్షేమముగా నింటికి పంపువాడే రేపును జతగాని బడయును.