సరిహద్దుకు అవతల మెట్టినిల్లు, ఇవతల న్యాయస్థానం

కుప్పం పిల్లను హోసూరు ప్రాంతానికి, మడకశిర పిల్లను పావగడకు, పాతపట్నం పిల్లను పర్లాకిమిడికి ఇవ్వడం మన పల్లెల్లో తరతరాల ఆచారం. రాష్ట్రాల గీతలు గీయకమునుపే అల్లుకున్న బంధుత్వాలివి. కాపురం సజావుగా సాగినంతకాలం ఆ గీత ఎవరికీ కనిపించదు. దెబ్బలు తిని ఆడకూతురు పుట్టింటికి చేరిన మరునాడు మాత్రం అదే గీత గోడయి నిలుస్తుంది. “జరిగింది ఆ రాష్ట్రంలో, అక్కడికే వెళ్లి చెప్పుకోండి” అని ఠాణాలో అనే మాట, “ఆ ఊరి కోర్టు వాయిదాలకు ఎవరు తిరుగుతారు?” అని ఇంట్లో అనే మాట కలిసి ఆమె నోరు మూయిస్తున్నాయి.

ఈ రెండింటికీ చట్టంలో ఆధారం లేదు. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం 27వ సెక్షను ప్రకారం, బాధితురాలు శాశ్వతంగా గాని తాత్కాలికంగా గాని నివసిస్తున్న చోటి మేజిస్ట్రేటు కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు. పుట్టిల్లు ఆ కోవలోకే వస్తుంది. ఆ కోర్టు ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. క్రిమినల్ కేసు విషయంలో ఉన్న సందేహం 2019 ఏప్రిల్‌లో తీరింది. అత్తింటి క్రూరత్వం భరించలేక వెళ్లిపోయిన స్త్రీ, తాను ఆశ్రయం పొందిన చోట కూడా 498-ఏ సెక్షను కింద ఫిర్యాదు చేయవచ్చునని రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆమె మనోవేదన పుట్టింటికి కూడా వెంట వస్తుందన్నదే ఆ తీర్పుకు మూలం. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షను స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను వచ్చింది. అదే రోజు అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఎఫ్‌ఐఆర్‌కు తగిన నేరమైతే అది ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవలసిందే.

పల్లె కుటుంబాలు కోర్టుకు జంకడానికి మరొక కారణమున్నది. కేసంటే అల్లుణ్ణి జైలుకు పంపడమేనని, ఇక రాకపోకలకు తలుపు మూసుకున్నట్టేనని భావిస్తారు. గృహహింస చట్టం కింది అర్జీ ఆ దారి కాదు. కొట్టవద్దనే రక్షణ ఉత్తర్వు, ఇంట్లో నివాసపు హక్కు, నెలనెలా ఖర్చులకు సొమ్ము, పిల్లల తాత్కాలిక సంరక్షణ అందులో అడగవచ్చు. ఇల్లు అత్తగారి పేరున ఉన్నంత మాత్రాన, అక్కడ కాపురం చేసిన కోడలికి నివాసపు హక్కు పోదని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రక్షణ ఉత్తర్వును ధిక్కరించినప్పుడే శిక్ష మాట వస్తుంది. అది ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పెద్దమనుషుల పంచాయతీని ఈ వ్యాసకర్త తృణీకరించడం లేదు. కాని ఆ పెద్దలు ఒప్పించిన సొమ్ము మూడో నెలలో ఆగిపోతే వసూలు చేసే సాధనం వారి చేతిలో లేదు, మేజిస్ట్రేటు చేతిలో ఉన్నది.

ఇక ఖర్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీకి ఉచిత న్యాయ సహాయం పొందడానికి ఆదాయ పరిమితి లేదు. తెల్ల రేషన్ కార్డు చూపమని, ఆదాయ పత్రం తెమ్మని అడిగితే ఈ సంగతి గుర్తుచేయాలి. వకీలు, కోర్టు రుసుము మాత్రమే కాదు, దస్తావేజుల అనువాదం కూడా ఈ సహాయంలో భాగమే. సరిహద్దు ప్రజలకు అన్నిటికన్నా విలువైనది బహుశా ఇదే. ముళబాగిలులోనో బరంపురంలోనో స్థిరపడిన తెలుగు ఇల్లాలు తనకు చదవరాని కన్నడ, ఒడియా అఫిడవిట్ కింద వేలిముద్ర వేసి, తరువాత తన మాటే అందులో లేదని తెలుసుకుంటే చేయగలిగేది స్వల్పం. చదివి తెలుగులో వినిపించిన పిదపనే సంతకం చేయాలి. క్రిమినల్ కేసు సాక్ష్యం తెలుగులోనే చెప్పవచ్చు. ఆ భాషలో రాసుకోవడం వీలుకాకుంటే కోర్టు భాషలోకి సరైన అనువాదం చేయించవలసిన బాధ్యత కోర్టుదే.

లోపమంతా అమలులో ఉన్నది. మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లో, తీర్పు అరవై రోజుల్లో రావడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, వాయిదాలు చూసినవారికి ఆ అంకె నవ్వు తెప్పిస్తుంది. అర్జీ రాయించి, నివేదిక పంపి, బాధితురాలికి తోడుండవలసిన రక్షణాధికారి పదవి చాలాచోట్ల మరొక ఉద్యోగికి అప్పగించిన అదనపు పనే. చట్టం వచ్చిన పద్దెనిమిదేళ్ల తరువాత, 2025 మే నెలలో, జిల్లా, తాలూకా స్థాయిలో ఈ అధికారులను ఆరు వారాల్లోగా నియమించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చిందంటే స్థితి అర్థమవుతుంది. మన తాలూకాలో ఆ అధికారి ఎవరో గ్రామసభలో అడిగి పేరు రాయించుకోవడం ఇప్పుడు చేయవలసిన పని.

న్యాయ సహాయానికి 15100, స్త్రీల సహాయానికి 181, తక్షణ అపాయంలో 112. సరిహద్దు ఊళ్లలో పొరుగు రాష్ట్రపు టవర్ తగిలి కాల్ అక్కడికి పోవచ్చు కనుక, ఎత్తగానే ముందుగా జిల్లా, తాలూకా పేర్లు చెప్పాలి.