ఏ ఆస్పత్రిలో చేరాలి?

"డాక్టరుగారూ! మా నాన్నగారికి 62 ఏళ్ళు. గజ్జల్లో వాపు వస్తే చూపించాం. హెర్నియా, ఆపరేషన్ చెయ్యాలన్నారు. మా ఊళ్ళో ప్రభుత్వ ఏరియా ఆస్పత్రి ఉంది. బస్టాండు పక్కన ఒక నర్సింగ్ హోమ్ కూడా ఉంది. మా బావగారు నర్సింగ్ హోమ్‌కే తీసుకెళ్ళమంటున్నారు. అమ్మ గాజులు తాకట్టు పెడతానంటోంది. నాన్నగారు మాత్రం 'పెద్దాస్పత్రిలో ఊరికే చేస్తారుగా, అప్పెందుకు?' అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏది మంచిదో మీరే చెప్పండి."

ఒక పాఠకుడు రాసిన ఉత్తరమిది. ఇలాంటివి నాకు తరచుగా వస్తుంటాయి. జబ్బు పేరు మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే.

నేను ప్రభుత్వ డాక్టర్ని కాబట్టి ప్రభుత్వ ఆస్పత్రినే మెచ్చుకుంటానని మీరు అనుకోవచ్చు. అలా చెయ్యను. ప్రభుత్వ ఆస్పత్రులన్నీ ఒక్కలా ఉండవు, ప్రైవేటువీ అంతే. పండక్కి చీర కొనాలంటే నాలుగు కొట్లు తిరుగుతాం. వంకాయలు కొనేటప్పుడు పుచ్చులున్నాయేమోనని తిప్పి తిప్పి చూస్తాం. ఆస్పత్రి విషయానికి వచ్చేసరికి ఎవరో ఒకరు "అక్కడ బాగుంటుందట" అంటే చాలు, చేరిపోతాం. అలాకాక మూడు సంగతులు విచారించండి. అక్కడ పనిచేసేవాళ్ళు ఎవరు, ఎంతమంది? వెళ్ళి వచ్చినవాళ్ళు ఏమంటున్నారు? మొత్తం ఖర్చు ఎంత?

ముందుగా ఒక హెచ్చరిక. ఈ విచారణంతా వ్యవధి ఉన్న జబ్బులకే. గుండెనొప్పి, పక్షవాతం, పెద్ద గాయం, పాముకాటు, కాన్పులో రక్తస్రావం - ఇలాంటి వాటికి బేరీజు వేస్తూ కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ చికిత్స దొరికే దగ్గరి ఆస్పత్రికి వెళ్ళాలి. ప్రాణాపాయంలో వచ్చిన రోగిని కాపాడడం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

సిబ్బంది సంగతి

ఆస్పత్రి అంటే భవనం కాదు. గ్రానైట్ రాళ్ళు, ఏసీ గదులు, లిఫ్టు చూసి మోసపోవద్దు. వెల్లవేసి పదేళ్ళయిన గోడల్ని చూసి భయపడవద్దు. అర్ధరాత్రి రెండు గంటలకు మీ రోగికి ఆయాసం వస్తే లేచి వచ్చేది ఎవరు? అది ముందు తెలుసుకోండి.

మైదాన ప్రాంతాల్లో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 జనాభాకు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలని ప్రభుత్వ ప్రమాణం. వాటికి పైన ఏరియా ఆస్పత్రులు, జిల్లా ఆస్పత్రులు, బోధనాస్పత్రులు ఉంటాయి. ఏ స్థాయిలో ఎంతమంది ఉండాలో కాగితం మీద రాసే ఉంటుంది. అయితే మంజూరైన పోస్టులు వేరు, పనిచేస్తున్న మనుషులు వేరు. సర్జన్ ఉండి మత్తు డాక్టరు లేకపోతే ఆపరేషన్ థియేటరుకు తాళమే. డెప్యుటేషన్ మీద మరో ఊరు వెళ్ళిన డాక్టరు పేరు కూడా బోర్డు మీద కనబడుతూనే ఉంటుంది. కాబట్టి "సర్జన్ ఉన్నారా?" అని ఊరుకోకండి. "ఏ వారాల్లో ఆపరేషన్లు చేస్తారు? మత్తు డాక్టరు ఎవరు? పోయిన నెలలో ఈ ఆపరేషన్లు ఎన్ని జరిగాయి?" అని అడగండి.

ప్రైవేటులో అడగవలసినవి వేరే ఉన్నాయి. బోర్డు మీద పన్నెండుమంది స్పెషలిస్టుల పేర్లుంటాయి. వారిలో చాలామంది పిలిస్తే వచ్చేవాళ్ళే కావచ్చు. అదేమీ తప్పు కాదు. అయితే ఆపరేషన్ చేసినాయన సాయంత్రానికి కారెక్కి వెళ్ళిపోతే, రాత్రి రోగిని చూసుకునేది ఎవరు? ఆ డ్యూటీ డాక్టరు చదువేమిటి? ఈ ప్రశ్న అడిగినందుకు కోప్పడే ఆస్పత్రి అయితే, మరో ఆస్పత్రి చూసుకోవడం మేలు.

ఇక నర్సులు. డాక్టరు రోజుకు రెండుసార్లు వచ్చి వెళతాడు. ఇరవైనాలుగు గంటలూ రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సే. నాడి తగ్గినా, కట్టు తడిసినా, మూత్రం రాకపోయినా ముందు కనిపెట్టేది ఆమే. జనరల్ వార్డులో, బోధనాస్పత్రి అయితే ముగ్గురు రోగులకు ఒకరు, మామూలు ఆస్పత్రి అయితే ఐదుగురికి ఒకరు చొప్పున నర్సులుండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఇద్దరు సిస్టర్లు అరవై పడకలు చూసుకున్న రాత్రుళ్ళు నా సర్వీసులో ఎన్నో ఉన్నాయి. వాళ్ళ ఓపికకు దండం పెట్టవలసిందే. అయితే ఓపికతో అరవైమందికీ నాడి చూడడం కుదరదు గదా!

ఇది నా సొంత అభిప్రాయం కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కో నర్సు మీద అదనంగా ఒక్కో రోగి పెరిగిన కొద్దీ, ఆపరేషన్ అయిన రోగులు నెలరోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగిందని తేలింది.

ప్రైవేటులో మరో సంగతి కూడా గమనించాలి. తెల్లబట్టలు వేసుకున్న ప్రతి అమ్మాయీ నర్సు కాదు. జి.ఎన్.ఎం. గాని, బి.ఎస్సీ. నర్సింగ్ గాని చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరయినవాళ్ళు రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అడగండి. వీలయితే చేరబోయే ముందు ఒకసారి రాత్రి తొమ్మిది దాటాక ఆ వార్డుకు వెళ్ళి చూసి రండి. పగలు పదింటికి చూస్తే ఏ ఆస్పత్రి అయినా సందడిగానే ఉంటుంది.

వెళ్ళి వచ్చినవాళ్ళ మాట

"ఆ ఆస్పత్రి ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉందండీ" అంటారు. దానివల్ల మీకు తెలిసేదేమీ లేదు. అదే జబ్బుతో వెళ్ళి, ఇంటికొచ్చి కనీసం నెల దాటినవాళ్ళను నలుగురైదుగురిని వెతికి పట్టుకోండి. ఇలా అడగండి: ఎంతసేపు కూర్చోబెట్టారు? జబ్బేమిటో, ఏం చెయ్యబోతున్నారో డాక్టరు మీకు అర్థమయ్యేలా చెప్పారా? రాత్రి పిలిస్తే నర్సు వచ్చిందా? పుండుకు చీము పట్టిందా? మళ్ళీ చేరవలసి వచ్చిందా? ముందు చెప్పిన ఖర్చుకు, చివరి బిల్లుకు తేడా ఎంత? ఇంటికి పంపేటప్పుడు మందులు ఎలా వాడాలో చెప్పారా? మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా?

ఆఖరి ప్రశ్నకు నవ్వకండి. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, సబ్బు లేని ఆస్పత్రిలో ఆపరేషన్ పుళ్ళు చీము పట్టకుండా ఆపడం కష్టం.

అయితే రోగి తృప్తి ఒక్కటే కొలబద్ద కాదు. అమెరికాలోనే యాభై వేలమందికి పైగా రోగుల వివరాలతో 2012లో ఒక పరిశీలన వెలువడింది. డాక్టర్ల మీద అందరికన్నా ఎక్కువ తృప్తి చూపినవాళ్ళకు వైద్య ఖర్చూ ఎక్కువైంది, మరణాలూ ఎక్కువగానే జరిగాయి. తృప్తివల్లే చనిపోయారని దీని అర్థం కాదు. అడిగిన మందల్లా, అడిగిన పరీక్షల్లా ఇచ్చినంతమాత్రాన అది మంచి వైద్యం కాదని గ్రహించాలి. మన దగ్గరా అంతే గదా! జలుబుకు సెలైన్ ఎక్కించినాయన మంచి డాక్టరు, "వేడినీళ్ళు తాగండి, రెండురోజుల్లో తగ్గుతుంది" అన్నాయన పనికిరాని డాక్టరు!

కాబట్టి మర్యాద, శుభ్రత, వివరంగా చెప్పడం - వీటి విషయంలో రోగుల మాట నమ్మండి. వైద్యం సరైనదా కాదా అన్న విషయంలో మాత్రం మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. అది రోగి హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలన్నిటికీ పంపింది. అందులో ఈ హక్కు ఉంది. రేట్లు తెలుసుకునే హక్కు, మందులు మీకు నచ్చిన షాపులో కొనుక్కునే హక్కు కూడా ఉన్నాయి.

ఖర్చు లెక్క

2017-18 జాతీయ శాంపిల్ సర్వే ప్రకారం, కాన్పులు కాకుండా ఒకసారి ఆస్పత్రిలో చేరితే అయిన సగటు వైద్య ఖర్చు ప్రభుత్వ ఆస్పత్రుల్లో గ్రామీణులకు రూ. 4,290, పట్టణవాసులకు రూ. 4,837. ప్రైవేటులో గ్రామీణులకు రూ. 27,347, పట్టణవాసులకు రూ. 38,822. ఇవి దేశం మొత్తం మీద సగటులు. ఆ తరువాత ధరలు పెరిగాయి. ప్రభుత్వ ఆస్పత్రిలో సున్నా కాకుండా నాలుగువేల పైచిలుకు ఎందుకయిందో గమనించారా? అక్కడ లేని మందులు, బయట చేయించిన పరీక్షలు. వీటికితోడు ఆటో ఛార్జీలు, తోడు ఉన్నవాళ్ళ తిండి, పోయిన కూలి కూడా కలుపుకోవాలి. ఒక్క పరీక్ష కోసం నాలుగురోజులు తిరిగితే నాలుగురోజుల కూలి పోయినట్టే. అక్కడక్కడ చెయ్యి తడపవలసి రావడమూ ఉంది. అది ఇవ్వనక్కరలేదు. సూపరింటెండెంటుకు కాగితం మీద రాసి ఇవ్వండి.

ప్రైవేటులో "ప్యాకేజీ ఇంత" అంటారు. అందులో ఏమేమి చేరలేదో అడగండి. మత్తు డాక్టరు ఫీజు, మందులు, పరీక్షలు, హెర్నియాకు వేసే వల, అదనంగా ఉండే రోజుల గది అద్దె - ఒక్కోటి విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. పరిస్థితి విషమించి ఐ.సి.యు.లో పెడితే రోజుకెంతో కూడా ముందే అడగాలి. ఇళ్ళు కూలేది సాధారణంగా అక్కడే.

తాకట్టుకు వెళ్ళే ముందు ప్రభుత్వ పథకాలు చూసుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో ఆ పేరుతోనే సాగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల వరకు, ఆయుష్మాన్ భారత్ కింద వైద్యం ఇవ్వాలని కేంద్రం 2024లో నిర్ణయించింది. మీ జబ్బుకు ఏ పథకం వర్తిస్తుందో, ఏ ఆస్పత్రిలో వర్తిస్తుందో, ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర అనో వైద్యమిత్ర అనో పిలిచే ఉద్యోగి ఉంటారు, వారిని అడగండి. చేరాక కాదు, చేరకముందే అడగాలి.

పోల్చడంలో జాగ్రత్త

"పెద్దాస్పత్రిలో మనుషులు ఎక్కువగా చనిపోతారు" అని ఒక మాట ఉంది. నిజమే, మరణాల సంఖ్య ఎక్కువే. కాని ప్రైవేటులో డబ్బయిపోయాక చివరి క్షణంలో తెచ్చేదీ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చెయ్యిదాటిన కేసులన్నీ వచ్చేదీ అక్కడికే. తేలిక కేసులు మాత్రమే చేర్చుకునే ఆస్పత్రిలో మరణాలు తక్కువగానే ఉంటాయి. పోల్చితే ఒకే రకం రోగుల్ని పోల్చాలి.

కాన్పుల లెక్క చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోని ప్రైవేటు కాన్పుల్లో 81.5 శాతం, ప్రభుత్వ కాన్పుల్లో 44.5 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు 63 శాతం, ప్రభుత్వం 26.6 శాతం. కష్టం కాన్పులు పెద్దాస్పత్రులకే ఎక్కువగా వస్తాయి గదా, మరి కోతలు ప్రైవేటులో ఎందుకెక్కువ? 10 నుంచి 15 శాతం దాటితే సమర్థన లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1985లో అన్నారు. ఆ లెక్కన ప్రభుత్వ ఆస్పత్రులూ తలవంచుకోవలసిందే. గర్భిణి ఉన్న ఇంట్లోవాళ్ళు ఆస్పత్రి చూసుకునేటప్పుడు "పోయిన నెల మీ దగ్గర ఎన్ని కాన్పులు, అందులో ఎన్ని ఆపరేషన్లు?" అని తప్పకుండా అడగాలి.

ఉత్తరం రాసినవారికి

మీ నాన్నగారి వాపు పడుకుంటే లోపలికి పోతూ ఉంటే, నొప్పి లేకపోతే, రెండు మూడు వారాలు విచారించుకునే వ్యవధి ఉన్నట్టే. వాపు గట్టిపడి లోపలికి పోకపోయినా, విపరీతమైన నొప్పి, వాంతులు వచ్చినా, పేగు ఇరుక్కున్నట్టు. అప్పుడు గంటల లెక్క. రాత్రయినా పగలయినా సర్జన్ ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఈలోగా బి.పి., షుగరు, గుండె పరీక్షలు చేయించండి. దగ్గు, మలబద్ధకం, మూత్రం ఆగి ఆగి రావడం ఉంటే ముందు వాటికి వైద్యం చేయించండి. చుట్టలు, సిగరెట్లు అలవాటుంటే ఇవాళే మాన్పించండి. మీ ఏరియా ఆస్పత్రిలో సర్జన్, మత్తు డాక్టరు ఇద్దరూ ఉండి, ఈ ఆపరేషన్లు క్రమం తప్పకుండా జరుగుతూ ఉంటే, అక్కడ చేయించుకోవడానికి సందేహించనక్కరలేదు. మీ నాన్నగారి మాటే సబబు. మత్తు డాక్టరు పోస్టు ఖాళీగా ఉందనో, ఆరునెలలు ఆగమనో అంటే, జిల్లా ఆస్పత్రినీ, పథకంలో ఉన్న ప్రైవేటు ఆస్పత్రినీ విచారించండి. నర్సింగ్ హోమ్ మాట ఆ తరువాత. అక్కడా పైన చెప్పిన ప్రశ్నలన్నీ అడిగి, ఎస్టిమేటు రాయించుకున్నాకే చేర్చండి. బావగారిని కూడా వెంట తీసుకెళ్ళండి. అడగడానికి ఇద్దరుంటే మంచిది.

చీటీలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు ఒక సంచిలో వేసి జాగ్రత్తగా దాచండి. రేపు ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందు అడిగేది అవే.