పుర్రచేతికి పిస్తోలు ఇచ్చినప్పుడు

ట్రైనింగులకు వెళ్తున్న మన పిల్లల గురించి రాస్తున్న పోస్టుల్లో ఇది ఇంకొకటి. ఈసారి పుర్రచేతివాటం వాళ్ల గురించి. "ఇదేటి సమస్య అన్నియ్యా, ఉన్నవి చాలవా?" అని అడుగుతారు కొందరు. చదివాక అడగండి.

వజ్రపుకొత్తూరు తీరంలో తెల్లారకముందే ఇసుకలో పరుగు తీసే కుర్రాళ్లను చూస్తూనే ఉంటాం. ఉద్దానంలో తుపాకీ అంటే పెద్దలకు 1968, గరుడభద్ర గుర్తొస్తాయి. ఈ పిల్లలకు తుపాకీ అంటే నెల జీతం, ఇంటికి స్లాబు. సెలక్షన్‌లో ఫైరింగ్ ఉండదు, ట్రైనింగ్‌లో ఉంటుంది. అక్కడ మన పుర్రచేతివాడు పిస్తోలు ఎడమచేత్తో తీయగానే వినేది ఒకటే మాట: "చెయ్యి మార్చు."

నాదీ పుర్రచెయ్యే. ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ టూటూ రైఫిల్ ఇచ్చారు. బోల్టు కుడిపక్క. ఎడమభుజానికి ఆనించుకున్నానని ఇన్‌స్ట్రక్టర్ అందరి ముందూ "ఆ చేత్తో ఏం చేస్తావో తెలుసు కదా" అని నవ్వాడు. చెయ్యి మార్చి కాల్చాను. గుళ్లు టార్గెట్ కాగితాన్ని తాకలేదు. రిజిస్టర్‌లో నా పేరు పక్కన మార్కులే పడ్డాయి. బోల్టు ఏ పక్కన ఉందో అందులో రాయలేదు.

తేడా ఎక్కడుందో చూడండి. మన పోలీసుల దగ్గర కనిపించే 9 ఎంఎం పిస్తోలు ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసింది. 1935 నాటి బ్రౌనింగ్ హైపవర్ నమూనా. మ్యాగజైన్‌లో 13 తూటాలు. సేఫ్టీ, మ్యాగజైన్ క్యాచ్, స్లైడ్ స్టాప్ మూడూ ఎడమపక్కనే, కుడిచేతి బొటనవేలికి అందేలా ఉంటాయి. ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు అవతలిపక్కకు పోతుంది. సేఫ్టీ ఒక్కటే నిజంగా ఇబ్బంది: బొటనవేలిని వెనక నుంచి దాటించాలి, లేదంటే కుడిచేయి వదిలి దాంతో నొక్కాలి. మిగతా రెండూ చూపుడువేలికే అందుతాయి. పైగా మ్యాగజైన్ వదిలేటప్పుడు ఆ వేలు ట్రిగ్గర్ మీద ఉండనే ఉండదు, అదో భద్రత. స్లైడ్ స్టాప్ బిగుసుకుంటే కుడిచేత్తో స్లైడ్‌ను పైనుంచి పట్టి లాగి వదిలితే చాలు. రివాల్వర్ ఇంకా మొండిది, సిలిండర్ తెరుచుకునేది ఎడమవైపుకే.

ఇదంతా ఒక్క పూటలో నేర్పొచ్చు. గ్లాక్ కంపెనీ 2010లో నాలుగో తరం నుంచి మ్యాగజైన్ క్యాచ్‌ను అటూ ఇటూ మార్చుకునేలా చేసింది. 2017లో ఐదో తరానికి స్లైడ్ స్టాప్ రెండుపక్కలా పెట్టింది. ఇనుము మారింది. మన డ్రిల్ మారలేదు.

"అరవైమందికి ఒకడే ఉస్తాదు, ఒక్కొక్కరికీ వేరే పాఠం ఎలా?" అనే వాదన ఉంది. పరేడ్‌లో అందరూ ఒకేలా నిలబడాల్సిందే, ఒప్పుకుంటా. కానీ గురి కవాతు కాదు. మన పొలాల్లో పళ్ల కొడవలి కూడా కుడిచేతికే పదును పెట్టిందే. పుర్రచేతి అమ్మ కోతలో వెనకబడితే బద్ధకం అంటారు తప్ప కొడవలిని అనరు.

ఇక ఆ నవ్వు సంగతి. ఎడమచెయ్యి అపవిత్రం, దాంతో ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని నేర్పిన బుద్ధే మనుషుల్నీ శుద్ధం, మైల అని విడదీసింది. కర్ణాటకలో ఈరోజుకీ మాదిగలను ఎడగై అనీ హొలెయలను బలగై అనీ పిలుస్తారు. అంటే చేతుల పేర్లు కులాలకు పెట్టుకున్న నేల మనది. పుర్రచేతి అగ్రకుల కుర్రాడికీ రేంజ్‌లో ఇబ్బందే, కాదనను. కానీ వాడు నోరు తెరిచి అడుగుతాడు. మొదటితరం మనవాడు, అడిగితే ఇంటికి పంపేస్తారేమో అని చెయ్యి మార్చేస్తాడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వెళ్లేముందే ఒక పని చేయండి. రెండుచేతులూ చాచి వేళ్లమధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వు చూడండి. ఒక్కోకన్నూ మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు మొవ్వు కదలకుండా ఉంటుందో గురికి అదే మీ కన్ను. చెయ్యి ఎడమదై కన్ను కుడిదైనవాళ్లూ ఉంటారు. వాళ్లు పిస్తోలును కాస్త కుడికన్ను ముందుకు తెచ్చుకుంటే సరిపోతుంది, రైఫిల్‌కే అసలు ఆలోచించుకోవాలి. రేంజ్‌లో మొదటిరోజే, తూటాలు ఇవ్వకముందే, "సార్, నాది ఎడమచేతివాటం, ఖాళీ ఆయుధంతో ఆ డ్రిల్ చూపించండి" అని అడగండి. కాదంటే రాతపూర్వకంగా అడగండి. కాగితం ఎలా రాయాలో వచ్చే పోస్టులో పెడతాను.