జ్వరమొస్తే ఇంటికి పంపడమే వైద్యమా?

"మీ పాపకి ఒంట్లో బాగోలేదు, వచ్చి తీసుకుపోండి." హాస్టలు నుంచి ఫోనొస్తే మాట ఇంతే. ఎన్నాళ్ళ నుంచి జ్వరం, ఏ మాత్రలిచ్చారు, డాక్టరు చూశాడా లేదా, ఇవేవీ ఆ ఫోనులో ఉండవు. తల్లి మిరపకోతలో ఉంటుంది. ఆ రోజు కూలి పోతుంది. బస్సు చార్జీకి మేస్త్రి దగ్గర చేబదులు తీసుకుని సాయంత్రానికి హాస్టలు చేరుతుంది. పిల్లని భుజానేసుకుని తెచ్చుకుంటుంది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు ఒక సూదేసి సెలైను పెడతాడు. పిల్ల లేచి తిరిగితే మళ్ళీ హాస్టలుకి. లేవకపోతే గుంటూరో, కాకినాడో, వరంగల్లో పెద్దాసుపత్రికి. అప్పటికి జబ్బు మొదలై ఎన్ని రోజులయిందో ఎవరి దగ్గరా లెక్క ఉండదు.

మన హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో చాలాచోట్ల నడుస్తున్న ఆరోగ్య విధానం ఇదే. ఏ జీవోలోనూ ఇలా రాసి ఉండదు. అమలయ్యేది మాత్రం ఇదే.

పిల్లని హాస్టల్లో వేసిన రోజు ఆ పిల్ల తిండి, నీళ్ళు, నిద్ర, రోగం అన్నీ సర్కారు చేతిలో పెడుతున్నాం. మాల మాదిగ పిల్లలు, యానాది ఎరుకల పిల్లలు, ఏజెన్సీలో కోయ, సవర, గోండు పిల్లలు చదువుకునే చోట్లు ఇవి. పగలూ రాత్రీ పిల్లని తన దగ్గరుంచుకున్నవాడు ఆ పిల్లకి తల్లీ తండ్రీ లెక్క. జ్వరమొచ్చిన రోజు మాత్రం "మీ పాప" అయిపోతుందా?

2024 అక్టోబరు చివర్లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో తిన్న తిండి వికటించి పదుల సంఖ్యలో ఆడపిల్లలు జబ్బుపడ్డారు. వాళ్ళలో ఒక పాప హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో వారాల తరబడి పెనుగులాడి నవంబరులో కన్నుమూసింది. ఏడాది తిరక్కుండానే, 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు పాకాయి. వందమందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు ఆడపిల్లలు ప్రాణాలొదిలారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా మనకి వినబడే మొదటి మాట సస్పెన్షను. వార్డెన్నో, ప్రిన్సిపాల్నో, వంటమనిషినో సస్పెండు చేస్తారు. వాళ్ళ తప్పుంటే చెయ్యాల్సిందే. కానీ వాళ్ళ స్థానంలో వచ్చినవాళ్ళు మళ్ళీ నర్సు లేని హాస్టల్లోనే కదా కూర్చునేది!

కామెర్ల సంగతే తీసుకోండి. పాడైన నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే కామెర్లలో ఒక రకం హెపటైటిస్ ఎ. క్రిమి కడుపులో పడ్డాక జబ్బు బయటపడటానికి రెండు వారాల నుంచి ఏడు వారాల దాకా పడుతుంది. మామూలుగా నాలుగు వారాలు. కళ్ళు పచ్చబడటానికి ఒకటి రెండు వారాల ముందు నుంచే పిల్ల దొడ్డికి వెళ్ళినప్పుడు ఆ క్రిమి ఎక్కువగా బయటికి పోతూ ఉంటుంది. అంటే పచ్చకళ్ళు కనిపించేసరికే జబ్బు పక్క పిల్లలకి అంటుకుని ఉంటుంది. ఆ ముందు రోజుల్లో కనిపించేవి చిన్న చిన్నవే. అన్నం సయించదు, ఓకరింతలొస్తాయి, కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. ఒక్క పిల్లకైతే ఎవరూ పట్టించుకోరు. ఒకే వారంలో ఒకే గదిలో ఆరుగురు అన్నం వదిలేస్తే?

అన్నం మిగిలిందని వంటమనిషికి తెలుస్తుంది. ఎవరో వాంతి చేసుకున్నారని కామాటికి తెలుస్తుంది. ఇద్దరు బడికి పోలేదని వార్డెనుకి తెలుస్తుంది. ఈ మూడూ ఒకచోట రాసి, కలిపి చూసి, "ఇదేదో తేడాగా ఉంది, నీళ్ళ ట్యాంకు చూడాలి, పీహెచ్‌సీకి కబురు చెయ్యాలి" అనే మనిషి లేదు. నర్సంటే ఆ మనిషి. సూదులేసే మనిషనే మనకి తెలుసు. బళ్ళో, హాస్టల్లో నర్సు చేసే పెద్ద పని సూది కాదు, రిజిస్టరు. ఏ పిల్లకి ఎప్పుడు జ్వరమొచ్చింది, ఎంత డిగ్రీలు, ఏ మాత్ర ఎన్ని గంటలకి ఇచ్చారు, ఎవరికి ఏ మందు పడదు, ఎవరికి మూర్ఛ ఉంది, ఏజెన్సీ పిల్లలైతే ఎవరికి సికిల్ సెల్ ఉంది, ఇవన్నీ అందులో ఉండాలి.

కస్తూర్బా విద్యాలయాల్లోనూ, గురుకులాల్లో చాలాచోట్లా ఏఎన్ఎమ్మో స్టాఫ్ నర్సో ఉన్న మాట నిజం. ఎక్కువమంది కాంట్రాక్టు మీదో, ఔట్‌సోర్సింగు మీదో పనిచేస్తున్నారు. వందలమంది పిల్లలకి ఒక్క మనిషి, పగలూ రాత్రీ ఆమే. ఆ ఉద్యోగాల్లో ఉన్న ఆడవాళ్ళూ చాలావరకు మన ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళే, వాళ్ళ జీతం గురించి మాట్లాడకుండా మన పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడలేం. ఇక సంక్షేమ హాస్టళ్ళలో వార్డెను, వంటమనిషి, కామాటి, వాచ్‌మన్. పోస్టుల వరస అక్కడితో సరి.

ఇదేం కొత్త కోరిక కాదు. మన దేశంలో బడిపిల్లలకి వైద్య పరీక్షలు మొదటిసారి జరిగింది 1909లో, బరోడాలో. అదే బరోడా సంస్థానం 1913లో బాబాసాహెబ్‌ని అమెరికా చదువుకి పంపింది. (అదే ఊళ్ళో 1917లో కొలువుకొచ్చిన ఆయనకి తలదాచుకునే గది దొరకలేదు, అది వేరే సంగతి.) 1946లో భోర్ కమిటీ దేశంలో బడిపిల్లల ఆరోగ్య సేవలు దాదాపు లేవనే చెప్పింది. 1960లో ఈ పని మీదే రేణుకా రే కమిటీ వేశారు. కమిటీలు సిఫార్సులు చేస్తూనే ఉన్నాయి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలు చదవండి. బడికి గదులుండాలి, మరుగుదొడ్లుండాలి, మంచినీళ్ళుండాలి, వంటగది, ఆటస్థలం, ప్రహరీగోడ ఉండాలని రాశారు. అన్నీ కావలసినవే. నర్సు మాట మాత్రం అందులో లేదు. జబ్బుపడ్డ పిల్ల పడుకోవడానికి ఒక మంచం మాట కూడా లేదు.

మన ఉమ్మడి రాష్ట్రంలో 2010 నవంబరు 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలుపెట్టారు. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. దాని నిబంధన ప్రకారం ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు వ్యానులో బడికొచ్చి పిల్లల్ని చూడాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి. ఈ పథకాన్ని మేం తీసిపారెయ్యం. గుండెలో రంధ్రం, గ్రహణమొర్రి, వంకరపాదం, చూపు మందం, ఇవి పట్టుకుని పై ఆసుపత్రికి పంపడానికి అది పనికొస్తుంది. మీ పిల్ల కార్డు మీద ఆ వ్యాను వాళ్ళు ఏదైనా రాస్తే దాన్ని ట్రంకుపెట్టె అడుగున పడెయ్యకండి. అయితే జ్వరం వ్యాను వచ్చే రోజు చూసుకుని రాదు కదా.

2020లో ఇంకో ఏర్పాటు చేశారు. బడికిద్దరు టీచర్లకి శిక్షణ ఇచ్చి ఆరోగ్య రాయబారులన్నారు. పిల్లలకి ఆరోగ్య పాఠాలు చెప్పడానికి అది మంచిదే. కానీ పాఠం వేరు, వైద్యం వేరు. గుడ్లు లెక్కపెట్టేది మేమే, ఓటర్ల జాబితా రాసేది మేమే, ఇక మూర్ఛొచ్చిన పిల్లని పట్టుకునేదీ మేమేనా? పట్టుకుంటాం, పట్టుకోక ఏం చేస్తాం. తర్వాత ఏం చెయ్యాలో తెలిసిన మనిషిని ఇవ్వండని అడుగుతున్నాం.

ఇందులో కులం ఎక్కడుందని కొందరు మిత్రులు అడుగుతారు. గజ్జి దగ్గర ఉంది. హాస్టల్లో గజ్జి లేస్తే "మీ వాడల్లోంచి తెచ్చుకున్నారు, మీకు శుభ్రం తెలీదు" అనే మాట వినని పిల్లవాడు మనలో ఎంతమంది? గజ్జి చిన్న పురుగు వల్ల వస్తుంది. ఒకరి పక్కన ఒకరు ఒత్తుకుని పడుకున్నచోట అది పాకుతుంది. పది మంది పట్టే గదిలో ముప్ఫై మందిని పడుకోబెట్టిందెవరు? ఒక్క పిల్లవాడికే పూసి ఊరుకుంటే అది పోదు. డాక్టరో నర్సో చెప్పినట్టు ఆ గదిలో పిల్లలందరికీ, దురద లేనివాళ్ళకి కూడా, ఒకే రాత్రి పెర్మెత్రిన్ మందు మెడ నుంచి పాదాల దాకా పూసి, తెల్లారి స్నానం చేయించి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్ళల్లో ఉతికి ఎండలో వెయ్యాలి. వారానికి మళ్ళీ పూయాలి. దానికి నీళ్ళు కావాలి, మందు కావాలి, పూసే చెయ్యి కావాలి. ఆ చెయ్యి దగ్గరే పేచీ. పిల్లవాణ్ణి ముట్టుకోకుండా దూరం నుంచి చీటీ రాసిచ్చే వైద్యం మన వాడలకి బాగా తెలుసు.

సావిత్రీబాయి ఫూలేని మనం మొదటి పంతులమ్మ అని తలుచుకుంటాం. ఆమె ఎలా చనిపోయిందో పిల్లలకి చెప్పండి. 1897లో పూనా చుట్టుపక్కల ప్లేగు వచ్చింది. డాక్టరైన కొడుకు యశ్వంత్‌తో కలిసి ఊరి బయట వైద్యశాల పెట్టించింది. ప్లేగు తగిలిన ఒక మహర్ పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చింది. ఆ జబ్బే ఆమెకి అంటుకుని మార్చి 10న పోయింది.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అందుకే బళ్ళో వారానికొకసారి ఐరన్ మాత్ర ఇస్తారు. పెద్ద పిల్లలకి నీలం, చిన్న పిల్లలకి గులాబి. దొడ్డికి నల్లగా అయితే భయపడొద్దు, ఐరన్‌తో అలా అవుతుంది. పరగడుపున మింగితే కడుపులో తిప్పుతుంది, అన్నం తిన్నాకే వెయ్యాలి. టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. సికిల్ సెల్, తలసీమియా ఉన్న పిల్లలకి డాక్టరుని అడక్కుండా వెయ్యకూడదు. ఈ నాలుగు ముక్కలు ముందే చెప్పకపోబట్టే ఒక్క పిల్ల వాంతి చేసుకున్న రోజు ఊరంతా బడి మీదికొస్తుంది, మర్నాటి నుంచి మాత్రలు చెత్తకుప్పలోకి పోతాయి. చెప్పి ఇవ్వడం సర్కారు పని. మన పిల్లకి ఏ జబ్బుందో, ఏ మందు పడదో చేర్పించే రోజే రాయించడం మన పని. మూర్ఛ ఉందని చెబితే చేర్చుకోరేమోనని దాచిపెట్టే తల్లులున్నారు. వాళ్ళ భయం మాకు తెలుసు. అయినా దాచొద్దు. జబ్బు పేరు చెప్పి పిల్లని తిప్పిపంపితే అప్పుడు సంఘం వస్తుంది.

మనం అడిగేవి ఇవి. ప్రతి హాస్టల్లో రాత్రి కూడా ఉండేలా శిక్షణ పొందిన నర్సు, పిల్లలెక్కువుంటే ఇద్దరు, నెలనెలా జీతంతో. మామూలు బళ్ళకి సబ్‌సెంటరు ఏఎన్ఎమ్ వారంలో ఫలానా రోజు వస్తుందని గోడ మీద రాసి ఉండాలి. జబ్బుపడ్డ పిల్లకి వేరే గది, మంచం, కాచిన నీళ్ళు. ముఖ్యంగా, ముందు ఆసుపత్రి, తర్వాత ఫోను. తల్లి వచ్చేదాకా పిల్లని కూర్చోబెట్టడం కుదరదు. 108కి వార్డెనే ఫోను చెయ్యాలి, పెద్ద మనిషొకరు పిల్ల వెంట వెళ్ళాలి. తల్లికి చేసే ఫోనులో జబ్బేమిటో, ఏ ఆసుపత్రో చెప్పాలి.

బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం ఆడవాళ్ళుండాలని విద్యాహక్కు చట్టమే చెప్పింది. మీ ఊరి కమిటీలో మన వాడ నుంచి ఎవరున్నారో చూడండి. వేలిముద్రల కోసమే పిలిచే కమిటీ అయితే ఈసారి మీటింగులో ఆరోగ్యం రిజిస్టరు చూపించమనండి. హాస్టళ్ళ సంగతి సమాచార హక్కు కింద అడగండి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడు ప్రశ్నలు చాలు: ఈ హాస్టలుకి నర్సు పోస్టు మంజూరైందా, అయితే ఎవరున్నారు? గత ఏడాదిలో ఎంతమంది పిల్లల్ని ఆసుపత్రికి పంపారు, ఎంతమందిని ఇంటికి పంపారు? నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారు, నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేయించారు? వచ్చిన జవాబు నకలు మాకు పంపండి. ఏ మండలంలో ఏ హాస్టలు ఏం చెప్పిందో వరసగా అచ్చు వేస్తాం.