పొడవాటి మాటను విప్పి చెప్పండి

నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థినులు వైద్య పదాలను జాబితా రాసుకొని బట్టీ పట్టడం ఏటా చూస్తూనే ఉన్నాము. పరీక్ష రాస్తారు, సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చేసరికి సగం మరచిపోతారు. ఈ పద్ధతి మారాలని, మాటను ముక్కలుగా విడదీసి నేర్పాలని మా అభిప్రాయం.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఇది కొత్త విద్య కాదు. బడిలో సంధులు విడదీశారు, సమాసాలకు విగ్రహవాక్యాలు రాశారు. ఇదీ అటువంటిదే, కాకపోతే చివరి నుండి మొదలుపెట్టాలి. 'ఐటిస్' అంటే మంటతో కూడిన వాపు. 'ఎక్టమీ' అంటే కోసి తీసివేయడం. 'ఆటమీ' అంటే కోసి తెరవడం. 'ఆస్టమీ' అంటే ద్వారం ఏర్పరచడం. చివరి రెండింటికీ తేడా ఒక్క సకారమే. కానీ ట్రేకియాస్టమీ జరిగిన రోగి గొంతు దగ్గర ద్వారం ఉంటుంది, దానిని రాత్రింబగళ్లు కనిపెట్టుకొని ఉండవలసింది సిస్టరే. ఇక 'హైపో' తక్కువ, 'హైపర్' ఎక్కువ. షుగరు పడిపోయిన రోగికి వెంటనే చక్కెర అందాలి, పెరిగిన రోగికి చికిత్స వేరు. ఫోనులో రెండు మాటలూ ఒకేలా వినబడతాయి గనుక అంకె కూడా అడిగి రాసుకోవాలి.

మేము ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఇంటికి వెళ్లే తల్లికి తెలిసింది "సంచి తీశారు" అన్నంతవరకే. కాగితం మీద మాత్రం 'టోటల్ హిస్టరెక్టమీ' అనో, దాని పక్కనే 'బైలాటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ' అని కూడానో ఉంటుంది.

విప్పి చూడండి. 'హిస్టెరా' గర్భాశయం. 'బైలాటరల్' రెండు వైపులా. 'సాల్పింక్స్' అంటే గ్రీకులో బాకా, అండవాహిక చివర అలా విచ్చుకొని ఉంటుంది గనుక ఆ పేరు. 'ఊఫర్' అంటే అండాన్ని మోసేది, అనగా అండాశయం. 'టోటల్' అన్నారు కదా, అన్నీ తీసేశారని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ మాటకు అర్థం గర్భాశయాన్ని దాని ముఖద్వారంతో సహా తీశారని మాత్రమే. అండాశయాలు తీశారో లేదో ఆ రెండవ మాటే చెబుతుంది. నెలసరి ఆగని వయసులో రెండు అండాశయాలూ తీస్తే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి, కాలక్రమాన ఎముకలు గుల్లబారడం రావచ్చు. నలభై ఏళ్లయినా నిండని స్త్రీ తన శరీరంలో ఏమి మిగిలిందో తెలియకుండా ఇంటికి వెళ్లడం న్యాయం కాదు.

ముక్కల అర్థాన్నే నమ్ముకొని ఊహించడమూ ప్రమాదమే. అనీమియాను విడదీస్తే 'రక్తం లేకపోవడం' అని వస్తుంది, నిజానికి తగ్గేది హిమోగ్లోబిన్. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడ్డ గాలి, తెచ్చేది దోమ. ఇలియం అనే మాటయితే మరీ చిక్కు. తుంటి ఎముకకూ అదే పేరు, చిన్నప్రేగు చివరి భాగానికీ అదే. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా, తెలుగులో రాస్తే అదీ ఉండదు. సందేహం వస్తే డాక్టరుగారిని అడగాలి.

సిలబస్సుకే సమయం చాలడం లేదని కొందరు టీచర్లు అంటారు. డ్యూటీ మారే వేళ బోర్డు మీద రోజుకొక మాట విడదీసి రాయడానికి అయిదు నిమిషాలు చాలు. దానితోపాటు డిశ్చార్జి కాగితం అడుగున తెలుగులో ఒక్క వాక్యం ఉండాలని కోరుతున్నాము: "గర్భసంచి తీశాము, రెండు అండాశయాలు ఉంచాము", లేదా "అవి కూడా తీశాము." ఆ వాక్యం చదివి వినిపించాకే కాగితం ఆమె చేతికి ఇవ్వాలి.