మూత లెక్క వద్దు, మిల్లీలీటర్ లెక్క కావాలి

సనత్‌నగర్‌లో పాత టూ స్ట్రోక్ స్కూటర్ బాగుచేసే ఏ మెకానిక్ అన్నని అడిగినా ఆయిల్ విషయంలో ఒకటే సలహా: "జర ఎక్కువనే పోయ్ తమ్మీ, ఇంజన్ సల్లగుంటది." మన మెకానికల్ బ్రాంచ్‌లో వీడియోలు చూసి వచ్చినవాళ్లది సరిగ్గా దీనికి ఎదురు వాదన: "ఆయిల్ ఎక్కువైతే పెట్రోలు తగ్గుతుంది, మిక్స్చర్ లీన్ అవుతుంది, ఇంజన్ సీజ్ అవుతుంది." రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ నా ఉద్దేశంలో ఈ తగాదా అసలు జరగాల్సిన చోట జరగట్లేదు. ఆయిల్ ఎంత పోయాలన్నది ఇంజన్ డిజైన్ చేసిన రోజే తేలిపోయిన విషయం. ఆ తర్వాత మారింది పెట్రోలు. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఈ గొడవ మన ఏరియాకి ఎందుకంటే, స్కూటర్ ఇక్కడిది కాబట్టి. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ సనత్‌నగర్‌లోనే ఉండేది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, చేతి గడియారాలతో పాటు ఆల్విన్ పుష్పక్ అనే స్కూటర్ కూడా ఆ సంస్థ తెచ్చింది. లక్నోలోని స్కూటర్స్ ఇండియా వాళ్లు ఇటలీ నుంచి తెచ్చుకున్న లాంబ్రెట్టా వంశమే పుష్పక్‌ది కూడా. 1990ల్లో ఆల్విన్ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. స్కూటర్ అంతకు ముందే వెనకబడింది. ఇప్పుడు మిగిలిన పుష్పక్‌లు కొన్నే. వాటిలో ఒకటి సీజ్ అయితే పిస్టన్ కోసం కంపెనీ షోరూమ్‌కి వెళ్లే దారి లేదు. అందుకే "ఎంత పోయాలి" అన్నది టైంపాస్ ప్రశ్న కాదు.

ముందు బేసిక్స్. ఫోర్ స్ట్రోక్ బండిలో ఆయిల్ అడుగున సంప్‌లో ఉంటుంది, పంపు దాన్ని తిప్పుతుంది. ఇలాంటి పాత టూ స్ట్రోక్‌లో ఆ ఏర్పాటు లేదు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంక్‌కేస్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి ఎక్కుతుంది. దారిలో క్రాంక్ బేరింగ్‌కీ, కనెక్టింగ్ రాడ్ రెండు చివర్లకీ, పిస్టన్‌కీ అందే ఆయిల్ ఆ పెట్రోల్లో కలిపి పంపినదే. పని చేశాక అదీ కాలిపోయి సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. అంటే ఇంజన్‌కి ప్రతి క్షణం కొత్త ఆయిల్ అందుతూ ఉండాలి. నిన్న పోసింది ఇవాళ పనికిరాదు.

ఇక నిష్పత్తి. 2 శాతం అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, దాన్నే 50:1 అంటారు. 4 శాతం అంటే లీటరుకి 40, అంటే 25:1. లాంబ్రెట్టా స్కూటర్లకి కంపెనీ చెప్పింది 4 శాతం. 1960ల తర్వాతి వెస్పాలు, వాటి దారిలో వచ్చిన మన బజాజ్ స్కూటర్లు 2 శాతంతోనే నడిచాయి. బయటికి చూస్తే రెండూ 150 సీసీ స్కూటర్లే. అయినా బజాజ్‌కి సరిపోయిన లెక్క లాంబ్రెట్టాకి సరిపోతుందని అనుకోకూడదు.

ఈ తేడా ఎందుకొస్తుందో పడవలకి తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్ల చరిత్ర బాగా చెబుతుంది. అమెరికాలో జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లు 1950ల్లో 24:1 మీద నడిచేవి. 1960ల మధ్యకి వచ్చేసరికి అవే కంపెనీలు 50:1 అన్నాయి. ఆయిల్ మెరుగవడం ఒక కారణమైతే, లోపల ఇత్తడి రకం బుష్‌ల స్థానంలో నీడిల్ బేరింగ్‌లు రావడం ఇంకో కారణం. బుష్‌కి పూర్తి ఆయిల్ పొర కావాలి, దొర్లే నీడిల్‌కి కొంచెం తడి చాలు. కాబట్టి "ఇప్పటి ఆయిల్ మంచిది కదా, 2 శాతం చాలు" అని పాత ఇంజన్‌కి కోత పెట్టడం సరైన ఇంజనీరింగ్ కాదు. మాన్యువల్‌లో ఏముంటే అదే పోయాలి. మాన్యువల్ దొరక్కపోతే ఆ వంశం బండికి రాసింది పాటించాలి.

ఇప్పుడు మన బ్రాంచ్ వాళ్ల వాదనకి వస్తాను. ఆయిల్ పెరిగితే మిక్స్చర్ లీన్ అవుతుందన్నది నిజమే, కానీ ఎంత? 2 శాతం కలిపితే లీటరు మిశ్రమంలో అసలు పెట్రోలు సుమారు 980 మిల్లీలీటర్లు. 4 శాతం కలిపితే 962. తేడా 18 మిల్లీలీటర్లు, రెండు శాతం లోపే. దానికే సీజ్ అయ్యే ఇంజన్ ఎర్రగడ్డ సిగ్నల్ దాటదు. ఆయిల్ మరీ ఎక్కువైతే వచ్చే అసలు నష్టాలు వేరు: ప్లగ్ తడిసి నల్లబడటం, ఎగ్జాస్ట్ పోర్టులో కార్బన్ గడ్డకట్టి బండి గుంజకపోవడం, వెనకాల వచ్చేవాళ్లకి పొగ. మెకానిక్ అన్న మూతలతో పోసినప్పుడు జరిగేది ఇదే. ఒక్కో డబ్బాకి ఒక్కో సైజు మూత. పైగా "జర" అనే మాటకి మిల్లీలీటర్లలో విలువ లేదు.

పెట్రోలు సంగతి చూద్దాం. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరిలో ఆగిపోయింది. పాత బండికి సీసం బదులు ఏదో మందు కలపాలని ఇప్పటికీ అమ్మేవాళ్లున్నారు. సీసం కాపాడేది ఫోర్ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుని. టూ స్ట్రోక్ స్కూటర్‌కి ఆ వాల్వే లేదు, కాబట్టి ఆ సీసాకి పెట్టే డబ్బు దండగ.

అసలు మార్పు ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది, 2025 నాటికి బంకుల్లో మామూలు పెట్రోలంటే అదే అయింది. ఒక కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. సాంద్రతలు వేసి లెక్క కడితే, లీటరు ఈ20కి కావాల్సిన గాలి ఇథనాల్ లేని పెట్రోలు కంటే దాదాపు 7 శాతం తక్కువ. కొత్త బండిలో సెన్సర్ ఇది చూసి ఇంధనం పెంచుతుంది. పుష్పక్‌లో ఉన్నది ఇత్తడి జెట్‌కి కొట్టిన ఒక రంధ్రం. దానికి ఏమీ తెలియదు. అదే గాలికి అదే కొలత వదులుతుంది, మిక్స్చర్ 7 శాతం లీన్ అవుతుంది. ఆయిల్ రెట్టింపు చేసినప్పుడు వచ్చిన రెండు శాతానికి ఇది సుమారు నాలుగు రెట్లు. మనం భయపడుతున్నది చిన్నదానికి, పోయించుకుంటున్నది పెద్దది!

పాత కార్బురేటర్లు కాస్త రిచ్ వైపే సెట్ చేసి ఉంటాయి కాబట్టి బండి వెంటనే ఆగిపోదు. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు కొంత వేడి లాక్కుంటుంది కూడా. కానీ ఎండాకాలం, వెనకాల ఒక మనిషి, ఫతేనగర్ ఫ్లైఓవర్ మీద ఫుల్ థ్రాటిల్, ఇవన్నీ కలిసినప్పుడు ఆ మిగులు ఎంతో ఉండదు. దీనికి మందు ఆయిల్ డబ్బాలో దొరకదు, మెయిన్ జెట్ మార్చాలి. రంధ్రం వైశాల్యం 7 శాతం పెరగాలంటే వ్యాసం మూడున్నర శాతం పెరిగితే చాలు, అంటే సాధారణంగా ఒకటి రెండు సైజులు. తర్వాత ప్లగ్ విప్పి చూడండి. కాఫీ రంగుంటే సరే, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే ఇంకా లీన్.

రెండో ప్రమాదం నీళ్లు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఈ20 కొన్ని మిల్లీలీటర్ల నీటిని తనలో కలుపుకోగలదు. ఆ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. ఆయిల్ మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. పైపు తీసుకునేది అడుగు నుంచే. అప్పుడు మీరు ఎంత కొలిచి కలిపినా ఇంజన్‌కి అందేది ఆయిల్ లేని ద్రవం. వానాకాలమంతా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నిలబెట్టి, దసరాకి ఆయుధ పూజ చేసి కిక్ కొట్టే బండ్లకి ఇదే గండం. నిలబెట్టాలనుకుంటే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయాలి. పాత రబ్బరు పైపు తీసేసి ఇథనాల్ తట్టుకునే విటాన్ పైపు వేయాలి. ఇథనాల్ కలపరని 100 ఆక్టేన్ పెట్రోలు కొనేవాళ్లున్నారు. కొనండి, కానీ ఆక్టేన్ వల్ల స్పీడ్ పెరుగుతుందని మాత్రం ఆశపడొద్దు. ఇంత తక్కువ కంప్రెషన్ ఇంజన్‌కి దానితో పని లేదు.

ఆయిల్ కొనేటప్పుడు బ్రాండ్ కంటే వెనకాల ముద్ర చూడాలి. జపాన్ ప్రమాణం జాసోలో ఎఫ్‌బి, ఎఫ్‌సి, ఎఫ్‌డి అని గ్రేడ్‌లు. ఎఫ్‌సి నుంచి పొగ తక్కువ, ఎఫ్‌డి లోపల ఇంకా శుభ్రంగా ఉంచుతుంది. టీసీ-డబ్ల్యూ3 అని ఉంటే అది నీటితో చల్లబడే ఔట్‌బోర్డ్‌లది. కాకినాడ పడవకి బాగుంటుంది, గాలితో చల్లబడి అంతకంటే వేడెక్కే స్కూటర్‌కి కాదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ అసలే వద్దు.

"ఇంత చేసి ఆ పొగ బండి ఎందుకు నడపాలి?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. టూ స్ట్రోక్‌లో లోపలికొచ్చిన ఇంధనంలో పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కాలకుండా బయటికి పోతుంది. 1998 చివర్లో ఢిల్లీలో లూజు 2టీ ఆయిల్ అమ్మకం ఆపి, కొలిచి కలిపిన పెట్రోలే ఇవ్వాలన్నది ఇందుకే. నేను రోజూ కాలేజీకి టూ స్ట్రోక్ మీద రమ్మని ఎవరికీ చెప్పను. నెలకి రెండు ఆదివారాలు తీసేవాళ్లకే చెబుతున్నా. మీ సరదాకి పక్కవాడి ఊపిరితిత్తులు కూడా ఖర్చు పెడుతున్నారు, కనీసం కొలిచి పోయండి. నలభై రూపాయల కొలత గ్లాసు చేసే పని ఇది.

ఒక్కటి మాత్రం ప్రభుత్వాన్ని అడగాలి. ప్రతి పంపు మీదా ఇథనాల్ శాతం పెద్ద తెలుగు అక్షరాలతో రాయాలి. పాత కార్బురేటర్ బండ్లకి ఏ జెట్, ఏ పైపు వేయాలో ఒక పేజీ సూచనలు విడుదల చేయాలి. పాత బండి ఉన్నవాళ్లందరూ మనలా సాంద్రతలు వేసి లెక్క కట్టలేరు. ఈలోగా ఆ లెక్క కట్టి మెకానిక్ అన్నకి చూపించాల్సింది మనమే. ఇంజన్ విప్పకుండానే శబ్దం విని బేరింగ్ పోయిందని చెప్పే మనిషి ఆయన. సరైన జెట్ నంబరు చేతిలో పెడితే మిగతాది మనకంటే బాగా చేస్తాడు.