హౌసలా ఒక్కటే చాలదు భాయ్

సయ్యదా సల్వా ఫాతిమా తస్వీర్ మన ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ పనిచేసే గరీబు అబ్బా బిడ్డ, హిజాబ్‌తోనే పైలట్ అయింది. మాషా అల్లాహ్! కింద ‘హౌసలా ఉంటే చాలు’ అని రాసి పంపుతారు. ఆ ‘చాలు’ మీదనే నా గుస్సా.

చాలలేదు కదా! బేగంపేట ఏవియేషన్ అకాడమీలో ఆమె తాలీమ్‌కు ‘సియాసత్’ ఎడిటర్ జాహిద్ అలీ ఖాన్ మదద్ చేశారు. లైసెన్స్ వచ్చాక కూడా పెద్ద విమానాల ట్రైనింగుకు లక్షలు కావాల్సి వస్తే, తెలంగాణ సర్కారు ఇచ్చింది. హౌసలా ఆమెది, పైసలు ఇంకొకరివి.

మరి ఖమ్మం ఖిల్లా పక్కన ఆటో నడిపే అబ్బా బేటీకి ఎవరున్నారు? భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల అడవి అంచున ఆశ్రమ పాఠశాలలో చదివే కోయ పిల్లకు ఎవరున్నారు? బడికొచ్చి ‘పెద్ద ఖ్వాబ్ చూడండి’ అని తఖ్రీర్ ఇచ్చిపోయే సాబులు అసలు ముచ్చట చెప్పరు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ లేకుంటే పైలట్ దర్వాజా మూసుకున్నట్టే. విమానం రిపేరు చేసే ఇంజనీరుకూ, టవర్‌లో కూర్చుని దారి చూపే కంట్రోలర్‌కూ ఆ రెండే పునాది. ‘ఆడపిల్లకు ఎంపీసీ ఎందుకు, సీఈసీలో వేయండి’ అని ఆ దర్వాజాకు తాళం వేసేది మన ఇంట్లోవాళ్ళే. సీఈసీ చదివినా ఆ రెండు సబ్జెక్టులు ఓపెన్ స్కూల్లో రాసుకోవచ్చన్న ఖబర్ ఎందరికి చేరింది?

ఖబర్ లేని చోటే దుకాణాలు లేస్తాయి. ‘ఏవియేషన్ కోర్సు’ అని బోర్డు పెట్టి, పుస్తెలు తాకట్టు పెట్టించి, కౌంటర్ దగ్గర నిలబెట్టే నౌకరీ చూపిస్తారు. పైలట్, ఇంజనీరు కోర్సులంటే ముందు డీజీసీఏ మంజూరీ కాయితం అడగండి.

పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఖర్చు అరకోటి దాకా. ఏ గరీబు ఇల్లు మోస్తుంది? విదేశాల్లో పీజీ చదవడానికి మైనారిటీ పిల్లలకూ, గిరిజన పిల్లలకూ 20 లక్షల దాకా ఇస్తున్నది ఈ సర్కారే. అదే తీరున బేగంపేటలో ఫ్లయింగ్‌కూ ఏటా ఇన్ని సీట్లని లెక్కగట్టి ఫీజు కట్టాలి. ఇది ఖైరాత్ కాదు, హక్. నిజాం జమానాలో మన హైదరాబాద్ రియాసత్‌కు డెక్కన్ ఎయిర్‌వేస్ అని సొంత విమానాలే ఉండేవి!

కొత్తగూడెంలో ఎయిర్‌పోర్ట్ అని ఏళ్ళ తరబడి వింటున్నాం. అది వచ్చిన రోజు మన పిల్లలు ట్రాలీలు తోయడానికే పోవాలా? ఈసారి పదో తరగతి రిజల్ట్ రాకముందే మీ బస్తీ బడికి పోండి. ఎంపీసీ ముచ్చట చెప్పి రండి.